పాత సైలో ప్యానెల్ మార్చాలె, ముందు ఏది ముట్టుకోవాలె? (మిర్యాలగూడ దగ్గర, 4 సైలోలు)

కాల్వకట్ట · జనవరి 18, రాత్రి 9:52

అందరికీ నమస్తే. సాగర్ ఎడమ కాల్వ పక్కన మా సేటు రైస్ మిల్లు. దానికి ఆనుకొని 4 స్టీలు సైలోలు (వడ్లు నిల్వ చేసే పెద్ద గుండ్రటి డబ్బాలు), ఒక్కొక్కటి 1,000 టన్నులు. వడ్లు తప్ప వేరే సరుకు పడదు. నేను ఐటీఐ ఎలక్ట్రిషియన్‌ను, ఇక్కడ ఆరేండ్ల నుంచి చేస్తున్న.

ప్యానెల్ 2011ల పెట్టింది. లోపల ఎస్7-200 పీఎల్‌సీ (మోటర్లను, గేట్లను నడిపే చిన్న కంప్యూటర్), మోడల్ సీపీయూ 226, దాని పక్కన ఎక్స్‌పాన్షన్ కార్డులు. స్కాడా (ప్లాంటంత స్క్రీన్ మీద చూపే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్ ఇంకా విండోస్ ఎక్స్‌పీనే, ఎండాకాలం పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితెనే నడుస్తది. ప్రోగ్రాం కాపీ మా దగ్గర లేదు. ప్యానెల్ చేసినాయన ఫోన్ నంబరు పని చేస్తలేదు. 3వ సైలోల రెండో టెంపరేచర్ కేబుల్ ఎప్పుడు చూసినా 85 డిగ్రీలే. చెయ్యి పెడితే వడ్లు చల్లగనే ఉంటయి.

ఒక కంపెనీ కొటేషన్ ఇచ్చింది. కొత్త పీఎల్‌సీ, 24 ఇంచుల స్క్రీన్, మొబైల్ యాప్, ఆఖర్న "ఏఐ" అని కూడా రాసిండ్రు. యాసంగి వడ్లు దిగేలోపు అయితదా అని సేటు అడుగుతుండు. నాకైతే ఎక్కడ మొదలు పెట్టాల్నో తెలుస్తలేదు. చేసినోళ్లు చెప్పుండ్రి.

బాలానగర్ ప్యానెల్ · జనవరి 18, రాత్రి 10:31

85 సంగతి ముందు. మీ కేబుళ్లలో ఉన్నవి డిఎస్18బి20 అనే డిజిటల్ సెన్సర్లు అయ్యుంటాయి. కరెంటు అందగానే అది చూపించే మొదటి అంకె 85. ఆ తర్వాత కొలిచి అసలు వేడి చెప్పాలి. ఎప్పుడూ 85 దగ్గరే ఉందంటే సెన్సర్‌కి సరిగా కరెంటు అందక మళ్లీ మళ్లీ మొదటికి వస్తోందని. కేబుల్ పైన, సైలో కప్పు మీద ఉన్న జంక్షన్ బాక్సు విప్పి చూడండి. తుప్పో, నీళ్లో, ఎలుకో.

ఇక ప్రోగ్రాం. ఈ రాత్రికే కాకపోయినా ఈ వారంలో పాత పీఎల్‌సీ నుంచి కాపీ తీయించండి. పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఇబ్బంది. లేకపోయినా మీకు దొరికేది లాజిక్ ఒక్కటే, పేర్లూ కామెంట్లూ రావు. అవి చేసినవాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ఐ అంటే ఇన్‌పుట్, క్యూ అంటే ఔట్‌పుట్, "ఐ 0.3 ఆన్ అయితే క్యూ 0.5 ఆన్" అన్నంత వరకే తెలుస్తుంది. ఐ 0.3 ఏ స్విచ్ అనేది మీరే వైరు పట్టుకుని వెళ్లి కనుక్కోవాలి. సీపీయూ 226కి 24 ఇన్‌పుట్లు, 16 ఔట్‌పుట్లు. కార్డులతో కలిపి లెక్కేసుకుని ఒక నోటుబుక్కులో గీతలు గీసుకోండి.

ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఏళ్లయింది. ఎక్స్‌పీకి సపోర్టు ఏప్రిల్ 2014లోనే అయిపోయింది. మార్చడం తప్పదు. కానీ ఏప్రిల్‌లోపు మాత్రం వద్దు.

సూర్యాపేట మిల్లు · జనవరి 19, ఉదయం 6:15

నేను మిల్లు ఓనర్‌ని, కాబట్టి తిట్టుకోకండి. 24 ఇంచుల స్క్రీన్ చూసి వడ్లు ఎండవు. మా దగ్గర ఆపరేటర్ ఎలివేటర్ (వడ్లను పైకి ఎత్తే బెల్ట్) కాలు దగ్గర నిలబడి చప్పుడు విని చెప్తాడు బెల్ట్ జారుతోందా లేదా అని. ఇరవై ఏళ్లుగా ఒక్క పీఎల్‌సీ లేకుండా నడిపాను. సీజన్‌లో ఒక రోజు ఆగితే ట్రాక్టర్లు అద్దంకి రోడ్డు దాకా బారులు తీరతాయి, సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి బియ్యం ఇచ్చే) గడువు నెత్తి మీద ఉంటుంది. ఆ ఖర్చు కొటేషన్‌లో ఎవరూ రాయరు.

సేఫ్టీ జడ్చర్ల · జనవరి 19, ఉదయం 8:40

ఓనర్ గారూ, మీ ఆపరేటర్ సెలవు పెట్టిన రోజు ఎవరు వింటారు?

కాల్వకట్ట తమ్మీ, నేనొక మాట చెప్తా, కోపం తెచ్చుకోకు. కొత్త పీఎల్‌సీ గురించి ఇంకో నెల దాకా మాట్లాడకు. ముందు ప్యానెల్ తలుపు తీసి జంపర్లు లెక్కబెట్టు. సేఫ్టీ స్విచ్ పని చేయకుండ టెర్మినల్ నుంచి టెర్మినల్‌కు అడ్డంగా పెట్టిన పొట్టి వైరు ముక్కలు ఎన్ని ఉన్నయో, ప్రతిదీ ఎవరు పెట్టిండ్రో, ఏ రోజు పెట్టిండ్రో అడుగు. కొత్త ప్యానెల్ వాళ్లు పాత వైరింగ్ చూసి ఉన్నది ఉన్నట్టు దింపుతరు. జంపర్ ఉంటే జంపర్‌తోనే దింపుతరు. స్క్రీన్ మీద మాత్రం పచ్చ దీపం వెలుగుతది.

కాల్వకట్ట · జనవరి 19, మధ్యాహ్నం 1:05

జంపర్లు ఒకటో రెండో ఉంటయి సార్, అన్ని ప్లాంట్లల్ల ఉంటయి. అది పెద్ద ముచ్చటా?

సేఫ్టీ జడ్చర్ల · జనవరి 19, మధ్యాహ్నం 1:20

లెక్కబెట్టి చెప్పు.

పాలమూరు మక్కలు · జనవరి 21, రాత్రి 8:12

మాది మహబూబ్‌నగర్ దిక్కు, మక్కల గోదాం. సైలోలు రెండే. ఇక్కడ ఎవరూ ఫ్యాన్ల ముచ్చట తీయలేదు, అందుకే రాస్తున్న.

మీ పాత ప్రోగ్రాంల ఏరేషన్ ఫ్యాన్ (సైలో లోపలికి గాలి కొట్టేది) ఎట్ల నడుస్తది? మాకు పెట్టినాయన "లోపల 35 దాటితే ఫ్యాన్ ఆన్" అని పెట్టిపోయిండు. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 42 ఉంటది. ఫ్యాన్ ఆ వేడి గాలినే లోపలికి కొడుతది. లోపల ఇంకా వేడెక్కుతది, ఫ్యాన్ ఇంకా తిరుగుతది. కరెంటు బిల్లు వేరే. వానాకాలం ఇంకో తీరు. గాలిల తేమ 85, 90 ఉన్నప్పుడు ఫ్యాన్ తిప్పితే ఎండిన గింజ మళ్లీ నీళ్లు తాగుతది.

గింజకూ గాలికీ ఒక లెక్క ఉంటది. 30 డిగ్రీల దగ్గర గాలిల తేమ 70 శాతం ఉంటే వడ్లు సుమారు 13 శాతం తేమ దగ్గర నిలబడతయి. గాలి తేమ దానికంటే ఎక్కువైతే గింజ గుంజుకుంటది, తక్కువైతే వదులుతది. కాబట్టి బయట ఒక టెంపరేచర్, తేమ సెన్సర్ పెట్టుండ్రి. నీడల, గాలి తగిలే జాగల, ఫ్యాన్ నోటి దగ్గర మాత్రం కాదు. లోపలి కన్నా బయట ఒక అయిదు డిగ్రీలు చల్లగ ఉండాలె, తేమ 70 లోపు ఉండాలె, ఈ రెండూ కలిసినప్పుడే ఫ్యాన్. ఫ్యాన్ తన ఒత్తిడికే గాలిని రెండు మూడు డిగ్రీలు వేడి చేస్తది. ఒక డిగ్రీ వేడెక్కితే తేమ శాతం సుమారు 4, 5 పాయింట్లు దిగుతది. అందుకని బయట 75 ఉన్నా కొంచెం నడుపుకోవచ్చు. మాకు మంచిగ పని చేసేది డిసెంబర్, జనవరి రాత్రులే. ఆ రెండు నెలలు చల్లబరిచి పెట్టుకుంటే వేసంగి దాకా బేఫికర్. గింజ మంచి దుప్పటి లెక్క, వేడి లోపలికి పోవుడూ ఆలస్యమే, బయటికి వచ్చుడూ ఆలస్యమే.

అందుకే కేబుల్‌ను కూడా పూర్తిగ నమ్మొద్దు. వేడి ముద్ద కేబుల్‌కు గజం దూరంల ఉన్నా కేబుల్‌కు తెల్వదు. ఒక్క రోజు అంకె కాదు, వారం వారం ఎట్ల పెరుగుతుందో గీత గీసి చూపే స్క్రీన్ కావాలె. స్క్రీన్‌కు పెట్టే పైసలల్ల నాకు పనికొచ్చింది అదొక్కటే.

హాలియా హెల్పర్ · జనవరి 21, రాత్రి 9:00

మా తాత వడ్ల గుమ్మిల చెయ్యి మోచేతి దాకా దూర్చి చెప్పేటోడు, ఎండిందా లేదా అని. పాతర తీసేటప్పుడు ముందు దీపం దించి, అది ఆరిపోకుంటెనే మనిషిని దించేటోళ్లు. అదే మన సెన్సర్ 😀

సూర్యాపేట మిల్లు · జనవరి 22, ఉదయం 6:30

పాలమూరు వాళ్లు చెప్పింది నిజం. కానీ మిర్యాలగూడ సంగతి వేరు. హార్వెస్టర్ కోసిన సన్నాలు పచ్చివి పచ్చిగా ట్రాక్టర్‌లో వస్తాయి. తేమ 20 పైనే ఉంటుంది. సర్కారు సెంటర్లలో 17 దాటితే తీసుకోరు, మా దగ్గరికి వస్తే బేరం ఆడి తీసుకుంటాం. ఆ పచ్చి వడ్లు పొరపాటున డ్రయర్ తప్పించి సైలోలో పడితే ఏ ఏఐ వచ్చినా కాపాడదు. 14 దాటిన లోడు సైలో లైన్లోకి మళ్లకుండా గేటే మూసుకునేలా పెట్టించు. తూకం దగ్గర తేమ అంకె కొట్టాకే లైన్ తెరుచుకోవాలి. ఇది నేను ఖర్చు పెట్టి చేయించుకున్న ఒకే ఒక్క ఆటోమేషన్.

కాల్వకట్ట · ఫిబ్రవరి 2, రాత్రి 10:47

సార్, లెక్కబెట్టిన. తొమ్మిది.

మా పాత ఆపరేటర్ మామను కూర్చోబెట్టి రెండు రాత్రులు అడిగిన. కొన్ని ఆయనే పెట్టిండు, కొన్ని నేనే పెట్టిన, యాది లేదు. చెప్తే సిగ్గు అయితుంది.

ఎలివేటర్ 2 జీరో స్పీడ్ స్విచ్ (బెల్ట్ మెల్లగయితే మోటరు ఆపేది): 2019 యాసంగి. సెన్సర్ పెట్టిన బ్రాకెట్ ఊగుతుండె, పది నిమిషాలకు ఒకసారి ట్రిప్. బయట లారీలు. "ఈ ఒక్క రాత్రికి" అని జంపర్ వేసిండ్రు. ఆ రాత్రి ఇంకా తెల్లారలేదు.

ఎలివేటర్ 1 బెల్ట్ పక్కకు జరిగితే ఆపే స్విచ్. చూట్ (వడ్లు జారే గొట్టం) నిండితే డ్రాగ్ చైన్ (వడ్లను గుంజుకపోయే గొలుసు) ఆపే స్విచ్. రెండు సైలోల పై లెవెల్ స్విచ్‌లు, దుమ్ము పట్టి రెక్క తిరగకుండ అయ్యి ఎప్పుడూ "నిండింది" అనే చెప్తుండె. టెంపరేచర్ అలారం హూటర్, ఇది నేనే. ఆ 85 వల్ల రాత్రంత కూస్తుండె.

1, 4 సైలోల పక్క గేట్లు. నడిమి గేటు నుంచి ముందు వడ్లు దిగినంకనే పక్క గేటు తెరుచుకోవాలె, అది లాక్. తొందరగ ఖాళీ చేస్తందుకు దాన్ని తీసేసిండ్రు.

తొమ్మిదోది టెర్మినల్ 47, 48 నడుమ. ఎవ్వరికీ తెల్వదు. మామకూ తెల్వదు. వైరు పాతది, పెట్టి చాన ఏండ్లయినట్టుంది.

సేఫ్టీ జడ్చర్ల · ఫిబ్రవరి 3, ఉదయం 7:10

నిజం చెప్పినవ్, చాలు. ఇప్పుడు పక్క గేట్ల సంగతి అడుగుతా. 4వ సైలో గోడ మీద ఎక్కడన్నా సొట్ట ఉందా?

కాల్వకట్ట · ఫిబ్రవరి 3, ఉదయం 7:32

దక్షిణం దిక్కు ఉన్నది సార్. మనిషెత్తుకు పైన. గాలివానకు అయ్యిందనుకున్నం. మీకెట్ల తెలుసు??

సేఫ్టీ జడ్చర్ల · ఫిబ్రవరి 3, ఉదయం 7:55

సైలో గుండ్రంగ ఉన్నన్ని రోజులే బలం. లోపలి గింజ అన్ని దిక్కులా సమానంగ నెట్టాలె. పక్క గేటు ముందు తెరిస్తే ఆ దిక్కు గోడ వెంట గింజ జారి పోతది. అక్కడ ఒత్తిడి పడిపోతది, మిగతా దిక్కుల అట్లనే ఉంటది. రేకు వంగేది అప్పుడే. ప్రపంచంల కూలిన సైలోలల్ల చాన వాటికి ఇదే కారణం. ఆ రెండు జంపర్లు ఈ రోజే తీసెయ్. పక్క గేట్ల చక్రాలకు తాళం వెయ్. ఆ సొట్టను స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపెట్టేదాకా 4వ సైలో సగం మించి నింపొద్దని సేటుకు చెప్పు.

రెండోది జీరో స్పీడ్. ఎలివేటర్ కాలు దగ్గర వడ్లు కుక్కుకొని బెల్ట్ ఆగితే, పైన పుల్లీ మాత్రం మోటరు బలానికి తిరుగుతనే ఉంటది. ఆ రాపిడికి రబ్బరు కాలుతది. చుట్టూ మెత్తటి దుమ్ము, మూసి ఉన్న రేకు డబ్బా. అమెరికాల లూజియానా, వెస్ట్‌వెగోల 1977 డిసెంబర్‌ల గింజల ఎలివేటర్ పేలి 36 మంది పోయిండ్రు. అట్లాంటివి వరుసగ అయినంక 1987ల అక్కడ రూలు తెచ్చిండ్రు. బెల్ట్ వేగం మామూలు కంటే 20 శాతం తగ్గేలోపే మోటరు ఆగిపోవాలె. మీరు ఆ స్విచ్‌కే వైరు ముక్క అడ్డం పెట్టిండ్రు.

సూర్యాపేట మిల్లు · ఫిబ్రవరి 3, రాత్రి 9:20

నేను ఈ రోజు మా మిల్లులో చూశాను. ఎన్నో చెప్పను.

బాలానగర్ ప్యానెల్ · ఫిబ్రవరి 4, ఉదయం 11:15

ఇప్పుడు ప్లాన్ చెప్పొచ్చు. ఏప్రిల్‌లోపు ప్యానెల్ ముట్టుకోకండి. ఈ రెండు నెలల్లో బయటి స్విచ్‌లన్నీ కొత్తవి వేసుకోండి, బ్రాకెట్లు వెల్డింగ్ చేయించండి. రెక్క తిరిగే లెవెల్ స్విచ్‌లు వడ్లకు సరిపోతాయి, నెలకోసారి తుడవాలి అంతే. పాత పీఎల్‌సీ కొత్త స్విచ్‌లతోనే ఈ సీజన్ నడుస్తుంది. జూలై, ఆగస్టుల్లో ప్యానెల్.

కొటేషన్‌లో ఇవి ఉన్నాయో లేదో చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ పీఎల్‌సీ గుండా మాత్రమే వెళ్లకూడదు, సేఫ్టీ రిలే ద్వారా నేరుగా కాంటాక్టర్‌ని (మోటరుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) పడగొట్టాలి. ప్రతి మోటరు దగ్గరా లోకల్, ఆఫ్, రిమోట్ సెలెక్టర్, దానికి తాళం వేసే వీలు. మోటర్లు మొదలయ్యేది చివరి నుంచి వెనక్కి. ముందు సరుకు దిగే చోటి కన్వేయర్, తర్వాత ఎలివేటర్, తర్వాత కింది చైన్, ఆఖరున గేటు. ఏ ఒక్కటి ఆగినా దానికి సరుకు పంపేవన్నీ వెంటనే ఆగాలి. బైపాస్ అవసరమైతే ప్యానెల్ లోపల వైరు ముక్కతో కాదు, తాళంచెవితో తిరిగే స్విచ్‌తో చేయాలి. ఎనిమిది గంటల తర్వాత దానంతట అదే రద్దవ్వాలి, ఎవరు ఎప్పుడు తిప్పారో స్క్రీన్‌లో నమోదవ్వాలి.

మీది ఎత్తైన ఇనుము, మీ దిక్కు ఏప్రిల్, మేలో పిడుగులు. టెంపరేచర్ కేబుళ్ల గుండా ఒక్కసారిగా వచ్చే ఎక్కువ కరెంటు (సర్జ్) కార్డుల్ని మాడుస్తుంది. ప్రతి కేబుల్‌కూ సర్జ్ ప్రొటెక్టర్, కిందికి మంచి ఎర్తింగ్. సైలో నుంచి ప్యానెల్ రూముకు ఫైబర్ అయితే ఇంకా నయం.

మొబైల్ యాప్ కావాలంటే చూడటానికే పెట్టించుకోండి, మోటరు ఆన్ చేయడానికి కాదు. స్కాడా కంప్యూటర్‌లో ఇంటర్నెట్, పెన్‌డ్రైవ్, సినిమాలు వద్దు. 2021 సెప్టెంబర్‌లో అమెరికా అయోవాలో న్యూ కోఆపరేటివ్ అనే రైతుల ధాన్యం సంస్థ కంప్యూటర్లను లాక్ చేసి 59 లక్షల డాలర్లు అడిగారు. అదీ కోతల ముందు.

పాలమూరు మక్కలు · ఫిబ్రవరి 4, రాత్రి 7:48

ఒకటి మరిచిన. సెల్ఫాస్ బిళ్లలు పెడతరు గదా పురుగుకు. ఆ ఫాస్ఫీన్ గ్యాసు రాగిని తింటది. మా ప్యానెల్ రూము సైలోను ఆనుకొని ఉండె. రెండేండ్లల్ల కార్డుల కాళ్లు నల్లగయినయి, రిలేలు పట్టుడు బంద్ చేసినయి. కేబుల్ సైలోల నుంచి వచ్చే పైపుల నోళ్లు సీల్ చెయ్యుండ్రి, ప్యానెల్ రూము దూరంగ కట్టుండ్రి. ఫ్యూమిగేషన్ అయ్యేటప్పుడు ఏరేషన్ ఫ్యాన్లు దేనికీ లేవకుండ ఒక తాళం స్విచ్ కూడా. మాకు ఒకసారి ఫ్యాన్ ఆటో మోడ్‌ల దానంతట అదే లేచి గ్యాసంత బయటికి కొట్టింది. నయం, ఆ దిక్కు ఎవ్వరూ లేరు.

హాలియా హెల్పర్ · ఫిబ్రవరి 5, ఉదయం 9:02

47-48 ఏందో చెప్పు అన్నా, నిద్ర పడ్తలేదు

కాల్వకట్ట · ఆగస్టు 23, రాత్రి 11:18

చాన రోజులయింది, మాఫ్ చెయ్యుండ్రి. సీజన్, తర్వాత ఈ పని.

సేటు ఏఐ తీసేయించిండు, ఆ పైసలు స్విచ్‌లకు పోయినయి. 85 డిగ్రీల కేబుల్ జంక్షన్ బాక్సుల కందిరీగల గూడు, మట్టి, తుప్పు. శుభ్రం చేసి కొత్త కనెక్టర్ వేస్తే 31 చూపిచ్చింది. 4వ సైలో సొట్ట ఇంజినీర్ చూసి లోపలి నుంచి పట్టీలు వేయించిండు.

కొత్త ప్యానెల్ ఆగస్టు 9 నుంచి నడుస్తుంది. ఎలివేటర్ 2 కింది షాఫ్ట్ నిమిషానికి 90 తిరుగుడు, 72 దగ్గర ట్రిప్ పెట్టినం. టెస్ట్‌కు వడ్లు లేకుండ డ్రైవ్ వేగం మెల్లగ తగ్గించుకుంట వచ్చినం. 74, 73, టక్కుమని ఆగింది. మామ అంతకంటే ముందే చెయ్యెత్తిండు, చప్పుడు మారిందని. ఎన్నిసార్లు చేసినా ఆయన 76 దగ్గర్నే పడుతుండు. సూర్యాపేట సేటు గారూ, మీరు చెప్పింది అబద్ధం కాదు.

ఇగ 47-48. పాత వైర్లు పీకేటప్పుడు ఆ జత పట్టుకొని పోయిన. గోడ వెంట పైపు, పైపు మీద మూడు పూతల రంగు, అది 2వ సైలో కింద మనిషి దూరే తలుపు దగ్గరికి పోయింది. తలుపు ఫ్రేముకు ఒక చిన్న లిమిట్ స్విచ్, దాని మీద కూడా బూడిద రంగు పెయింట్, గోరుతో గీకితే గాని స్విచ్ అని తెల్వదు. తర్వాత చూస్తే నాలుగు సైలోల తలుపులకూ ఉన్నయి, అన్నీ వరుసగ ఒకే లైన్ల. తలుపు తెరిస్తే కింది చైన్, నడిమి గేటు ఆగాలె.

బాలానగర్ ప్యానెల్ · ఆగస్టు 24, ఉదయం 7:40

ప్రతి సీజన్ ముందు అడుగున మిగిలిన గింజ ఊడుస్తారు కదా. అప్పుడు చైన్ తిరుగుతూ ఉండాలి. తలుపు తెరిస్తే చైన్ ఆగుతోందని మొదటి ఏడే తీసేసి ఉంటారు. కావాలంటే బటన్ పట్టుకున్నంతసేపే నెమ్మదిగా తిరిగే మోడ్ ఒకటి పెట్టొచ్చు.

సేఫ్టీ జడ్చర్ల · ఆగస్టు 24, ఉదయం 8:05

వద్దు. లోపల మనిషి ఉంటే చైన్‌కు తాళం, ఆ తాళంచెవి లోపలికి పోయినోని జేబుల. ఊడ్చి కుప్ప చేసి, బయటికొచ్చి, తలుపు పెట్టినంక చైన్. రెండు గంటల పని నాలుగు గంటలైతది, కానియ్. కింది గుంతకు జాలి కూడా వెయ్యుండ్రి. పైన గింజ ఉండంగ గేటు తెరుచుకుంటే మనిషి నడుము దాకా మునిగేందుకు కొన్ని సెకండ్లే, ఆ తర్వాత పట్టి గుంజినా రాడు.

కాల్వకట్ట · ఆగస్టు 24, రాత్రి 9:30

ఇదే మామకు చదివి వినిపించిన. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పోయినేడు మా అల్లుడు కూడా దిగిండు గదరా" అన్నడు. చైన్ బటన్ దగ్గర ఆ రోజు నిలబడ్డది ఆయనే.

జాలికి కొలతలు తీసుకున్నం. స్విచ్‌లు నాలుగు కావాలె, ఆరు ఆర్డర్ పెట్టిన. పెయింటర్‌కు కూడా చూపెట్టిన, ఏది ముట్టొద్దో.